మింగకుండా రుచి చెప్పగలను

నన్ను ఇంత లావు చేసింది మీరు. పేరుపేరునా చెప్పమంటే చెప్తాను. ఫ్యాక్టరీ మేనేజరు గారూ, మీరు. పగటి షిఫ్టు సూపర్‌వైజరు గారూ, మీరు కూడా. ఇంట్లో మా ఆయన. ఆయన్ని కన్న మా అత్త. లావు చేసింది మీరే, లావని పగలబడి నవ్వింది మీరే, తగ్గమని గోడకి కాగితం అంటించింది మీరే. తీరా తగ్గడం మొదలుపెడితే కుర్చీ లాగేస్తానని బెదిరించింది కూడా మీరే. ఇందులో నా తప్పు లేదా అంటే ఉంది. పదకొండేళ్లు నోరు మూసుకుని మింగాను. ఆ ఒక్క తప్పు ఒప్పుకుంటాను. మిగతావి మీరు పంచుకోండి.

నా పని బిస్కెట్లు తినడం. నవ్వకండి, నిజం. బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే బల్ల ఒకటి ఉంటుంది. పొడుగ్గా, స్టీలుది. దాని వెనక ఆరు కుర్చీలు, ఆరుగురు ఆడవాళ్లం. పొయ్యిలోంచి ట్రే వచ్చినప్పుడల్లా తలా ఒకటి తీసుకుని కొరికి, నమిలి, మింగి, కార్డు మీద మార్కులు వేయాలి. తీపికి ఇన్ని, ఉప్పుకి ఇన్ని, కరకరకి ఇన్ని, మింగాక నోట్లో మిగిలే రుచికి ఇన్ని. తీపి తక్కువైందని మేం రాస్తే పిండి కలిపే గదిలో ఒక గరిటె చక్కెర పెంచుతారు. మాడువాసన అని రాస్తే పొయ్యి మంట తగ్గిస్తారు. అంత పెద్ద ఫ్యాక్టరీ మా ఆరు నాలుకల మీద నడుస్తుంది. ఒక షిఫ్టులో నలభై బిస్కెట్లు. పండగ ముందు అరవై. క్రీము రకం వచ్చిన రోజు ఇక చెప్పక్కర్లేదు.

నన్ను అక్కడ నాలుకమ్మ అంటారు. ఆ పేరు నాకు గర్వం. ఒకసారి నూనె డబ్బాల పక్కన సబ్బుల పెట్టె ఒక్క పూట పెట్టారు. ఆ నూనెతో చేసిన బిస్కెట్‌లో సబ్బు వాసన నేనొక్కదాన్నే పట్టాను. మిగతా అయిదుగురూ బాగుందన్నారు. ల్యాబులో చూస్తే నేనన్నదే నిజం. పదకొండేళ్లలో నేను వద్దన్న ట్రే మంచిదని తేలింది ఒక్కసారి కూడా లేదు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినదానికి ఇంతకంటే పట్టా ఏం కావాలి?

ఆ నాలుకకి కింద ఒక ఒళ్లు ఉందని ఎవరికీ పట్టలేదు. ఆరోగ్య వారోత్సవం అని ఒకటి పెట్టేదాకా.

గేటు దగ్గర తూకం మిషను పెట్టారు. చెప్పులు విప్పి ఒక్కొక్కళ్లూ ఎక్కాలి. నర్సు అంకె పైకి చదువుతుంది, గుమాస్తా రాసుకుంటాడు. మర్నాడు క్యాంటీను గోడ మీద చార్టు. ఆడవాళ్ల పేర్లే. మగవాళ్లవి ఎందుకు పెట్టలేదంటే, ‘వాళ్లు బరువులు మోసేవాళ్లు కదమ్మా, వాళ్ల లెక్క వేరు’ అన్నారు. అన్నిటికంటే పైన నా పేరు. ఎనభై ఆరు. సూపర్‌వైజరు టీ గ్లాసు పట్టుకుని చార్టు ముందు నిలబడి, “ఏం నాలుకమ్మా, అందులో నాలుక బరువే పది కిలోలుంటుందేమో!” అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన అన్నందుకు కాదు, నేను నవ్వినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంట్లో ఇంకా బాగుంటుంది. మా ఆయన బస్సు డ్రైవరు. నేను వంటగదిలోంచి బయటికొస్తుంటే గోడకి అతుక్కుపోయి చెయ్యి ఊపుతాడు. “సైడివ్వండి, సైడివ్వండి, లోడు లారీ వస్తోంది!” రోజూ అదే జోకు. పదహారేళ్ల కూతురి ముందు. మా అత్త ఆ జోకుకి నవ్వదు, నిట్టూరుస్తుంది. “మా ఇంటికొచ్చినప్పుడు పిడికెడు నడుము. గాలేస్తే ఎగిరిపోతుందేమో అనుకున్నాను. మా ఇంటి తిండి బాగా ఒంటబట్టింది తల్లీ నీకు.” మా ఇంటి తిండట! వండింది ఎవరు? ఆవిడకి ఉప్పు లేకుండా ఒక కూర. ఆయనకి కారం దట్టించి ఒక కూర. పిల్లకి ఉల్లిపాయ కనపడకుండా ఒక కూర. మూడు గిన్నెలు, మూడు రుచులు, మూడుసార్లు అరచేతిలో వేసుకుని నాకి చూడటం. ఫ్యాక్టరీలో చేసే పనే ఇంట్లోనూ చేశాను, ఇక్కడ కార్డు లేదు, అంతే తేడా. అందరూ తిని లేచాక సింకు పక్కన నిలబడి, మూడు గిన్నెల అడుగూ గీకి, అదే నా భోజనం అనుకునేదాన్ని. ఏం తిన్నానో, ఎంత తిన్నానో నాకే తెలిసేది కాదు. ఒక చెయ్యి నోట్లో, ఇంకో చెయ్యి గిన్నెలు తోముతూ.

మోకాళ్లు మొరాయించాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తిట్టలేదు. వారం రోజులు నోట్లోకి ఏం వెళ్లినా రాసుకురమ్మంది. కార్డులు రాసే చెయ్యి కదా, పొల్లు పోకుండా రాశాను. బిస్కెట్లు, గిన్నె అడుగులు, పిల్ల వదిలేసిన సగం గుడ్డు, అత్త నమల్లేక పక్కన పెట్టిన రొట్టె అంచులు, అన్నీ. ఆవిడ మూడు కాగితాలూ చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇందులో మీకు తినాలనిపించి తిన్నది ఏదమ్మా? దాని పక్కన టిక్కు పెట్టండి.”

పెన్ను తీసుకుని మొదటినుంచి చూశాను. రెండో కాగితం అయిపోయింది. మూడో కాగితం సగానికి వచ్చాను. మంగళవారం, బస్టాపులో ఒక యాపిల్. ఒకే ఒక్క టిక్కు పెట్టి కాగితం తిరిగి ఇచ్చాను. ఎనభై ఆరు కిలోల మనిషిని, వారంలో నా కోసం తిన్నది ఒక యాపిల్. మిగతాదంతా జీతం కోసం మింగినది, పారేయడం ఇష్టంలేక మింగినది, మాట అనలేక మింగినది.

ఆ రోజే అనుకున్నాను, నాలుక మీది, పొట్ట నాది.

మర్నాడు నా టిఫిను డబ్బా మూత బల్ల మీద పెట్టుకున్నాను. ట్రే వచ్చింది. కొరికాను, నమిలాను, నోరంతా తిప్పాను, మూతలోకి ఉమ్మాను. నీళ్లు పుక్కిలించి మార్కులు వేశాను. మా బల్లకి పెద్దదైన పెద్దక్క ముక్కున వేలేసుకుంది. చివరి కుర్చీలో కూర్చునే సన్నటి పిల్ల, దాన్ని మేం చీపురుపుల్ల అంటాం, నా మూత వంకే రెప్పవేయకుండా చూసింది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

“ఛీ ఛీ, తిండి ఉమ్మడమేంటమ్మా, అసహ్యంగా!”

“నూనె గదిలో రుచి చూసేవాళ్లు ఉమ్మట్లేదా సార్? వాళ్లకి తలా ఒక గిన్నె ఉందిగా. పక్కన నీళ్ల కుళాయి కూడా.”

“వాళ్లని నూనె తాగమంటావా?”

“నన్ను చక్కెర తాగమంటున్నారుగా.”

“బిస్కెట్ తింటే నీకేం నష్టం చెప్పు? ఆడవాళ్లకి తీపంటే ప్రాణమేగా. ఇంకొకళ్లయితే ఎగిరి గంతేస్తారు ఈ ఉద్యోగానికి!”

నూనె గదిలో నలుగురూ మగవాళ్లు. వాళ్లది పరీక్ష. మాది తిండి. వాళ్లు ఉమ్మితే పద్ధతి, మేం ఉమ్మితే అసహ్యం. తర్వాతి ట్రే వచ్చింది, మళ్లీ ఉమ్మాను. నా మార్కులు తప్పనంత కాలం ఆయన సణిగాడే తప్ప నన్ను కదపలేదు.

ఇంట్లో అంతకంటే పెద్ద గొడవ. రాగానే ఒకే కూర వండాను. ఉప్పు, కారం చిన్న గిన్నెల్లో పోసి బల్ల మీద పెట్టాను, ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకోవచ్చు. నా పళ్లెంలో సగానికి కూరగాయలు, ఒక గుడ్డు, పిడికెడు అన్నం పెట్టుకుని, అందరికంటే ముందు, కుర్చీలో కూర్చుని తిన్నాను. మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి నిలబడిపోయాడు.

“ఏంటే, నువ్వు ముందే తినేస్తే నాకు వడ్డించేదెవరు?”

“గిన్నె మీ ముందే ఉంది. గరిటె గిన్నెలోనే ఉంది.”

“రోజంతా స్టీరింగు తిప్పి వస్తాను నేను!”

“గరిటె దానికంటే తేలిగ్గా తిరుగుతుంది, చూడండి.”

అత్త మాత్రం ఊరుకుంటుందా? “ఇదెక్కడి చోద్యం! ఇంటి కోడలు ముందు తినేయడం మా కాలంలో ఎరగం” అంటూనే ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, అలవాటైన చేత్తో కూరలో కలుపుకుంది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ ఆవిడ కోసం నేను వేరే వండిన చప్పిడి కూరలో ఆవిడ రోజూ చాటుగా ఉప్పు కలుపుకునేదని. మా అమ్మాయి పకపకా నవ్వింది. నా ఎదురుగా కూర్చుని తన పళ్లెంలోని ఉల్లిపాయలు తనే ఏరుకుంటూ, “అమ్మా, నువ్వు నమిలేటప్పుడు నీకు బుగ్గమీద సొట్ట పడుతుంది తెలుసా?” అంది. పదహారేళ్లలో అది నేను కూర్చుని తినగా చూడలేదు. ఎలా తెలుస్తుంది?

ఇదంతా చెప్పుకోవడానికి హుషారుగానే ఉంటుంది. అసలు నరకం సాయంత్రం నాలుగింటికి. సెలవు రోజున మరీను. పదకొండేళ్లుగా ఆ వేళకి క్రీము బిస్కెట్ల ట్రే వచ్చేది. ఒంటికి ఆ సంగతి గుర్తు. నాలుగయ్యేసరికి నోట్లో నీళ్లూరి, ఎవరు పలకరించినా కరవాలనిపించేది. ఇంట్లో చూస్తే విరిగిన బిస్కెట్ల డబ్బా. ఫ్యాక్టరీ వాళ్లు వారం వారం ఉచితంగా ఇస్తారు, మా ఆయన పక్కింటివాళ్లకి గొప్పగా పెడతాడు. మొదటి రెండు ఆదివారాలూ ఓడిపోయాను. దాచుకోను. బాత్‌రూములో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గుప్పెళ్లతో తిన్నాను. నా ఇంట్లో నేను దొంగని.

మూడో ఆదివారం బుర్ర వెలిగింది. నాకు వచ్చిన విద్య ఒక్కటే, రుచికి మార్కులు వేయడం. మరి తినాలని లాగే ఈ జిలకి ఎందుకు వేయకూడదు? ఫ్యాక్టరీ కార్డు ఒకటి తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడుంది ఇది? నాలుక చివర కాదు, దవడల్లో ఉంది. పళ్లు ఏదో కొరకాలంటున్నాయి. పదికి తొమ్మిది. కడుపులో ఆకలి? రెండు. గడియారం చూసి పది నిమిషాలాగి మళ్లీ వేశాను. ఏడు. మళ్లీ ఆగాను. నాలుగు. ట్రేని వద్దన్నట్టే దాన్నీ వద్దని అడ్డగీత గీశాను. అలా వారాల తరబడి గీసిన కార్డులన్నీ ఒకరోజు వరసగా పేర్చి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. తొమ్మిదులన్నీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్న రోజులవే. లోడు లారీ అన్న రోజు తొమ్మిది. నడుము గురించి నిట్టూర్చిన రోజు తొమ్మిది. ఎవరూ ఏమీ అనని రోజు మూడు, నాలుగు. నేను తీపి కోసం అల్లాడుతున్నాననుకున్నాను. నాకు కావలసింది తిరిగి ఒక మాట అనడం. ఆ మాట అనలేక దవడలతో బిస్కెట్లు కొరికాను.

ఇక అనడం మొదలుపెట్టాను. “సైడివ్వండి” అనగానే, “ముందు మీ పొట్ట పక్కకి తీసి పెట్టండి, దారి అదే వస్తుంది” అన్నాను. ఆ జోకు ఆ రోజుతో సరి.

ఆరో నెలకి పది కిలోలు తగ్గాను. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. సరిగ్గా అప్పుడు అసలు చిక్కు వచ్చింది, ఒంటితో కాదు, నాలుకతో. పొద్దున మొదటి ట్రే కొరకగానే తీపి ముఖాన కొట్టినట్టయింది. ఎక్కువ అని రాశాను. రెండో ట్రే అంతే. మర్నాడు, ఆ మర్నాడు కూడా అంతే. మిగతా అయిదుగురూ సరిగ్గా ఉందన్నారు. మూడు రోజుల్లో పదకొండు ట్రేలు నేను వద్దన్నాను. పిండి కలిపేవాళ్లు గొడవకొచ్చారు. సూపర్‌వైజరుకి పండగ.

“డైటింగులు చేసి ఉన్న ఒక్క నాలుకా పాడుచేసుకుంది. చూడమ్మా, సోమవారం నుంచి అందరిలాగా మింగి మార్కులు వెయ్యి. లేదంటే కుర్చీ ఖాళీ చేసి ప్యాకింగ్‌కి వెళ్లు.”

ప్యాకింగ్ అంటే ఎనిమిది గంటలు నిలబడటం. అది కూడా కాదు నా భయం. నాలుకమ్మ అనే పేరు పోతుంది. నాకున్నది ఆ ఒక్క పేరు.

ఆ ఆదివారం డబ్బా ముందర కూర్చున్నాను. నిజంగానే పాడైందా? అయిదుగురు తప్పు, నేనొక్కదాన్నే ఒప్పా? మందు నా ఎదురుగానే ఉంది. ఈ ఒక్క డబ్బా తింటే చాలు, రేపటికి నా నాలుక వాళ్ల నాలుకలాగా మొద్దుబారుతుంది, కుర్చీ మిగులుతుంది. మా ఆయన పేపరు మడిచి, ఈసారి వెక్కిరింపు లేకుండానే అన్నాడు, “తినేసెయ్యవే. ఎవరి కోసం ఈ పంతం? ఉద్యోగం పోతే ఏం చేస్తావు?” మెత్తగా అన్నాడు కాబట్టే లొంగిపోబోయాను. మూత తీశాను కూడా. వెన్న వాసన గుప్పుమంది. చెయ్యి పెట్టబోతూ కార్డు తీసుకున్నాను. ఆకలి, సున్నా. నోరూరడం, రెండు. భయం అనే గడి కార్డులో లేదు, నేనే గీసి రాశాను. పది. భయం వేసినందుకు బిస్కెట్ తింటే భయం పోతుందా? మూత పెట్టేశాను. పెడుతూ ఆలోచించాను. తీపి తక్కువ అని మేం రాసినప్పుడల్లా ఒక గరిటె పెంచుతారు. రోజుకి నలభై మింగే నాలుకలకి తీపి ఎప్పుడూ తక్కువే. రాస్తూనే ఉన్నాం, వాళ్లు పెంచుతూనే ఉన్నారు. పదకొండేళ్లు.

సోమవారం బల్ల దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. వెనకాలే సూపర్‌వైజరు, “సార్, ఆవిడ మాట పట్టించుకోకండి” అంటూ.

“సార్, నన్ను గేటు దగ్గర చెప్పులు విప్పించి తూచారు. ఈసారి బిస్కెట్‌ని తూచండి. అందులో చక్కెర ఎంతుందో ల్యాబులో తీయించి, ఫ్యాక్టరీ తెరిచిన రోజున రాసుకున్న కొలతల కాగితంతో పోల్చండి. సరిపోతే నేనే ప్యాకింగ్‌కి వెళ్తాను, ఒక్క మాట మాట్లాడను.”

రెండు రోజులు పట్టింది. బుధవారం మధ్యాహ్నం పిలిచారు. చక్కెర కాగితంలో ఉన్నదానికంటే పావు వంతు ఎక్కువ. ఒక్కో గరిటె, ఒక్కో కార్డు, ఏళ్ల తరబడి. ఆ కార్డుల్లో నా సంతకాలు కూడా ఉన్నాయి, అది చెప్పడానికి నేను సిగ్గుపడలేదు. “తప్పు రాసిన ఆరుగురిలో నేనొకదాన్ని సార్. ఆ తప్పు పట్టింది మాత్రం నేను” అన్నాను. ఈ మాట గర్వంగానే అన్నాను. ఇంకెలా అంటాను? పాడైంది నా నాలుక కాదు, బాగైంది నా నాలుక. ఆరు నెలలు ఒక్కో నాలుగింటినీ గెలిచి దాన్ని బాగుచేసుకున్నాను.

మేనేజరు చాలా మర్యాదగా ఉన్నాడు. కుర్చీ చూపించాడు. చక్కెర మెల్లగా తగ్గిస్తామన్నాడు. ఈ సంగతి బయట అనొద్దన్నాడు. “మీకు వేరే గది ఇస్తాం, గిన్నె, కుళాయి, అన్నీ. మీరు చివరగా ఒకసారి చూసి సరే అంటే చాలు. మిగతా అయిదుగురు మామూలుగా కానిస్తారు.” సూపర్‌వైజరు నవ్వు పులుముకుని, “నాలుకమ్మా, మీరిప్పుడు మాకు పెద్దదిక్కు” అన్నాడు. అప్పటిదాకా ‘నువ్వు’ అన్న మనిషి ‘మీరు’ అన్నాడు. ఒప్పేసుకుందునేమో. అబద్ధం ఎందుకు, ఒళ్లు ఉబ్బింది. రేపు చెప్తానని బయటికొచ్చాను.

చేతులు కడుక్కునే చోట చీపురుపుల్ల నా కోసం కాచుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, వేరే గది ఇస్తారంట కదా.”

“అంటున్నారు.”

“నాకు ఇవ్వరు కదా అక్కా.” కాసేపు కుళాయి తిప్పుతూ కట్టేస్తూ నిలబడింది. “నేనెలా లావవ్వలేదో ఎప్పుడైనా అడిగారా మీరు? రోజూ షిఫ్టు దిగగానే ఇక్కడికొచ్చి వేలు పెట్టుకుని కక్కేస్తాను. రెండేళ్ల నుంచి. ఇప్పుడు వేలు పెట్టకపోయినా వచ్చేస్తోంది. నీళ్లు తాగినా వస్తోంది. భయమేస్తోందక్కా.”

రెండేళ్లు ఆ పిల్లని సన్నగా ఉందని మెచ్చుకున్నాం. చార్టులో అందరికంటే కింద పేరు దానిదే. సూపర్‌వైజరు దాన్ని చూపించి, ‘చూసి నేర్చుకోండి’ అని మాకు చెప్పేవాడు. నేనూ మనసులో కుళ్లుకున్నాను. దాన్ని దగ్గరికి తీసుకుంటే వీపు ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి. సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి, దాని పక్కన కూర్చుని, అంతా దాని నోటితోనే చెప్పించాను.

మేనేజరు గారూ, అందుకే ఇది రాస్తున్నాను. కింద పెద్దక్కతో మొదలుపెట్టి మా ఆరుగురి సంతకాలూ ఉన్నాయి. మీ వేరే గది నాకొద్దు. నాకొక్కదానికే ఇస్తానన్న గిన్నె అసలే వద్దు. సోమవారం పొద్దున మొదటి ట్రే రాకముందే బల్ల మీద ఆరు ఉమ్మి గిన్నెలు పెట్టించండి, పక్కన కుళాయి బిగించండి, చీపురుపుల్లకి జీతంతో నెల సెలవు రాయండి. ఆ మూడూ జరిగేదాకా మీ బిస్కెట్ ఎలా ఉందో మీరే తిని, మీరే మింగి, మీరే చెప్పుకోండి.